డబ్బా అడుగున మిగిలిన కాఫీ

“ఇయ్యాల వద్దురా అయ్యా. సాయిబన్నకి మజ్జిగిస్తాలే,” అంటూ నాగేంద్రమ్మ కాఫీపొడి డబ్బాని కొంగు చాటున దాచుకుంది.

“మజ్జిగ తాగటానికా మామ రొంపిచెర్ల నించి పనిగట్టుకోని వచ్చింది? ఇటియ్యి,” అన్నాడు కొడుకు రోశయ్య.

“వచ్చినోళ్ళందరికీ పోస్తే అయిపోదంట్రా?”

“అయిపోతే అయిపోద్ది. ఈ డబ్బా అయిందాకా నీ దగ్గరుంటా, మర్నాడు బొంబాయి రైలెక్కి బస్రా పోతా అని వచ్చిన్నాడే చెప్పాగా!”

ఆమె భయమంతా అదే. మిలిటరీలో లారీ తోలిన కొడుకు, యుద్ధం ముగిశాక ఒంటిమీద గీత పడకుండా ఈజిప్టు నించి ఈ కాఫీ డబ్బాతో నరసరావుపేట చేరాడు. హమ్మయ్య అనుకునేలోగా, బస్రాలో లారీ ఇస్తాం రమ్మని ఏదో కంపెనీ నించి ఉత్తరం. అప్పట్నించీ నాగేంద్రమ్మకి కళ్ళు మూస్తే సముద్రమే. ఓడ మునిగినట్టు, నీళ్ళలో తేలే బాంబు తగిలినట్టు, ఎవరూ లేని ఇసకలో వాడొక్కడే దాహందాహం అని పడిపోయినట్టు.

అరుగు మీద కూర్చున్న ఇమాం సాహెబ్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు.

“ఒక్క గుక్క ఇప్పించు చెల్లెమ్మా. పాత యుద్ధంలో తుర్కీవాళ్ళకి చిక్కి రెండేళ్ళు ఖైదులో పడున్నా. అక్కడొక ముసలి జవాను నా మీద జాలిపడి ఇట్టాంటి కాఫీ పోసేవాడు. ముప్పయ్యేళ్ళయింది. ఈ చుట్టుపక్కల ఆ రుచి తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే.”

ఆ మాట వినేసరికి నాగేంద్రమ్మ డబ్బాని ఇంకా లోపలికి దాచబోయింది. అది చేతిలోంచి జారబోతే రోశయ్య ఒడిసి పట్టుకున్నాడు.

కుంపటి అరుగు మీదికొచ్చింది. పొడుగు కాడ ఉన్న బుల్లి ఇత్తడి గిన్నెలో రోశయ్య రెండు కప్పుల చన్నీళ్ళు పోశాడు. చిటికెడు బెల్లం తురుము వేశాడు. విభూతి లాంటి మెత్తటి పొడిని చెంచాతో తీస్తుంటే డబ్బా అడుగు గీరుకున్న చప్పుడైంది. నాగేంద్రమ్మ పళ్ళు జివ్వుమన్నాయి.

“నిప్పు జాగ్రత్తరా. రవ్వ ఎగిరిందంటే పైన తాటాకు!”

“ఎగరదులేవే.”

“కాడ కాలిపోతదేమో, గుడ్డ పట్టుకో.”

“ఏం కాదమ్మా. కాసేపు మాట్లాడమాక. ఇది చూపు తిప్పితే పొంగిపోద్ది.”

ఆమె నోరు మూసుకుని చూసింది. రోజూ చూసేదే, అయినా ఆమెకి తనివి తీరదు. లారీ చక్రం తిప్పీ తిప్పీ మొరటుదేలిన చేతులు. ఆ చేతులే పసిబిడ్డకి ఉగ్గు పట్టినంత సుతారంగా గిన్నెని నివురు మీద పెట్టి, అంగుళం జరిపి, మళ్ళీ జరిపాయి. గిన్నె అంచు చుట్టూ నురగ ఉంగరంలా కట్టింది. ఉంగరం దగ్గరికి ముడుచుకుంటూ పైకి లేచింది. పొంగబోయే క్షణాన గిన్నె గాల్లో ఉంది. ఇంత నురగని చెంచాతో చెరో కప్పులో వేసి మళ్ళీ నిప్పు మీద పెట్టాడు. లేచింది, దించాడు. ఇంకోసారి లేచింది, దించాడు. ఒక్క చుక్క ఒలకలేదు. కప్పుల్లోకి పక్కవాటుగా సన్నటి ధార పోస్తే ముందు వేసిన నురగ చెదరకుండా పైకి తేలింది.

తన కడుపున పుట్టినవాడికి ఇంత పనితనం ఎక్కడిదా అనుకుంది. దిష్టి తగులుతుందేమోనని వెంటనే నేల మీద మెటికలు విరిచింది.

“మడ్డి దిగనీ మామా. తొందరపడమాక.”

“ముప్పయ్యేళ్ళు ఆగినోణ్ణి, ఇంకాసేపు ఆగలేనంట్రా?”

కోడిగుడ్డు చిప్పంత కప్పు ఇమాం సాహెబ్ గడ్డంలోకి వెళ్ళింది. నాగేంద్రమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు.

“అన్నా! ఏందన్నా, పడలేదా? నీళ్ళు తేనా? ఒరేయ్, వీపు నిమరరా!”

“ఉండు చెల్లెమ్మా, ఉండు.” ఆయన కళ్ళు తెరిచాడు. చెమ్మగా ఉన్నాయి. మీసానికంటిన నురగని నాలుకతో తుడుచుకున్నాడు. “అల్లా మీద ఆన, అబద్ధమాడను. ఇట్టాంటిది ఆ తుర్కీ జవాను కూడా నాకు పొయ్యలేదు. ఏం చిక్కదనం! ఏం నురగ! ఒరేయ్ రోశయ్యా, నీ చేతిలో ఏముందిరా?”

“నా చేతిలో ఏముంది మామా,” అని రోశయ్య తన కప్పు పైకెత్తాడు. మడ్డి దాకా తాగి, చానాసేపు నాలిక చప్పరించాడు.

“ఇంకో కప్పు ఉంటదా?” అన్నాడు ఇమాం సాహెబ్.

“సాయిబన్నా, పొద్దు వాలతన్నది. చీకట్లో దారిలో పాములుంటయ్,” అంది నాగేంద్రమ్మ గబగబా.

“కాటేస్తే వెయ్యనీ చెల్లెమ్మా, ఇది తాగినాక!”

రోశయ్య నవ్వుతూ డబ్బాని బోర్లించి అడుగు తట్టి తట్టి పొడి దులిపాడు. రెండో కప్పు కూడా తాగి, కళ్ళకద్దుకుని, ఇమాం సాహెబ్ కర్ర తీసుకుని వెళ్ళాడు.

అరుగు మీద తల్లీ కొడుకూ మిగిలారు. రోశయ్య ఖాళీ డబ్బా ఆమె ఒళ్ళో పెట్టాడు.

“పొడి అయిపోయిందమ్మా.”

నాగేంద్రమ్మ డబ్బాని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

“అయితే... పోతావా నాయనా?”

రోశయ్య కుంపట్లో నిప్పు ఆర్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు:

“రేపు నువ్వు దంచి ఈ డబ్బాలో పోసే చింతగింజలు ఇంకాస్త దోరగా వేయించవే. ఇయ్యాలటియ్యి మాడినయ్.”