మాస్టారి గురి

వెర్లిన్ మాస్టారు మూడో పిస్టల్ కూడా పేల్చి చూశారు. దూరంగా కట్టిన కాగితానికి సరిగ్గా నడుమ చిల్లు పడింది.

"ఇది మీ చేతికి కుదిరింది మాస్టారూ. ఖాయం చేసేద్దామా?" అంది ఆ తుపాకుల దుకాణం నడిపే మార్లిస్. వయోమింగ్‌లోని ఆ చిన్న ఊళ్లో సగంమందికి తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే. ఆమెకూ ఆయనే నేర్పారు.

"ఉండమ్మాయ్" అంటూ ఆయన పిస్టల్‌తో సహా వెనక్కి తిరిగారు. గొట్టం ఆమె గుండెకు ఎదురుగా వచ్చింది. వేలు మీట మీదే ఉంది.

మార్లిస్ మెల్లగా పక్కకు జరిగి, ఆయన మణికట్టు పట్టుకుని గొట్టాన్ని అవతలికి తిప్పింది. పిస్టల్ తీసుకుని విప్పి చూస్తే లోపల ఇంకో తూటా ఉంది.

"అలసిపోయారు, అంతే" అంది.

"నా క్లాసులో ఎవడైనా ఇలా చేస్తే?"

"బయటికి పంపేసేవారు."

ఆయన బెంచీ మీద కూలబడ్డారు. "మొన్న ఇంట్లో తుపాకీ తుడుస్తూ తూటా తీయడం మర్చిపోయాను. నేనింకా తుపాకీ పట్టొచ్చో లేదో తెలిసినవాళ్లు చూస్తుండగా తేల్చుకుందామని వచ్చానే, కొనడానికి కాదు."

జేబులోంచి తుపాకుల బీరువా తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు.

"అన్నీ తెచ్చేసుకో. రేపో ఎల్లుండో ఇదంతా మర్చిపోయి, నావి నాకిమ్మని పోట్లాటకొస్తాను. ఇవ్వకు."