తొమ్మిది గంటల పది నిమిషాలు

కోడలు అబద్ధమాడుతోంది. ఇరవై మూడో ప్రయాణానికి అత్తగారికి ఆ సంగతి ఖాయమైపోయింది.

కోడలు ఎయిర్‌హోస్టెస్. మూడు నెలల కిందట ఆమెని సముద్రానికి చెరో ఒడ్డున ఉన్న రెండు ఎయిర్‌పోర్టుల మధ్య తిరిగే విమానంలో వేశారు. ఇంటికి రావడం కుదరదని, మాట్లాడే తీరిక ఉండదని, మెసేజులు మాత్రం తప్పకుండా పెడుతుందని చెప్పి కొడుకు ఆమె కొత్త నంబరు రాసిచ్చాడు. అత్తగారి షరతు పెళ్లయిన నాటినుంచీ ఒకటే. బయల్దేరగానే ఒకటి, దిగగానే ఒకటి పెట్టాలి.

పెడుతోంది. ‘బయల్దేరాం అత్తయ్యా.’ సరిగ్గా తొమ్మిది గంటల పది నిమిషాల తర్వాత, ‘దిగాం అత్తయ్యా.’

ఇంకో అత్తగారైతే మురిసిపోయేది. ఈవిడ ముప్పై ఏళ్లు బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసింది. ఆలస్యాలన్నీ ఎర్రసిరాతో రాసేదని డ్రైవర్లు ఆవిడకి ‘ఎర్రసిరా’ అనే పేరు పెట్టుకున్నారు. ఆ ముప్పై ఏళ్లలో ఏ బండీ వరసగా మూడు రోజులు చెప్పిన నిమిషానికి రాలేదు. అలాంటిది ఇరవై మూడు ప్రయాణాలు, నిమిషం అటూ ఇటూ కాకుండానా?

పక్కింటి టీచరమ్మ ఆ దారిలో ఓసారి వెళ్లొచ్చింది. పోయేటప్పుడు గాలి తోసి ఎనిమిదిన్నర గంటలే పట్టిందని, వచ్చేటప్పుడు ఎదురుగాలికి పది దాటిందని చెప్పింది. ఊరుకోక ఫోన్లో ఓ పేజీ కూడా తీసి చూపించింది. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే చాలు, దూరమూ పట్టే సమయమూ చెప్పేస్తుంది. ఎనిమిది వేల యాభై కిలోమీటర్లు. తొమ్మిది గంటల పది నిమిషాలు.

అత్తగారి గుండెల్లో రాయి పడింది. కోడలు విమానం ఎక్కడమే లేదన్నమాట. ఈ పేజీ చూసి మెసేజులు కొడుతోంది. మరి ఎక్కడుంటోంది, ఎవరితో ఉంటోంది? నోట్లో నాలుక లేని కొడుకు సంసారం బుగ్గయిపోతుంటే తను చూస్తూ కూర్చోవాలా?

కొడుకు ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. గీత వెంట్రుకవాసి పక్కకి పోతే చెరిపి మళ్లీ గీసే రకం. తల్లి చెప్పిందంతా తలెత్తకుండా విన్నాడు. విమానాలు ఈమధ్య టైముకే నడుస్తున్నాయని, అనవసరంగా అనుమానపడొద్దని గొణిగాడు.

“నీ కళ్లకి గంతలు కట్టిందిరా,” అంది తల్లి.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ‘బయల్దేరాం’ వచ్చింది. ఆవిడ పన్నెండు దాకా ఓపిక పట్టింది. ఆ లెక్కన విమానం నడిసముద్రం మీద ఉండాలి, కోడలి ఫోను ఆపేసి ఉండాలి. మోగిందా, దొరికిపోయినట్టే. కొడుకు గదిలోకి వెళ్లి, అతని ఎదురుగానే నంబరు నొక్కింది.

“ఇప్పుడు విను, నీ పెళ్ళాం బండారం.”

ఫోను మోగింది. అతను గీతలు గీసే బల్ల సొరుగులో మోగింది.

కొడుకు పెన్సిలు పక్కన పెట్టాడు. సొరుగు తెరవలేదు.

“నీకు జవాబులు చెప్పలేకే తను నన్ను వదిలేసి మూడు నెలలైందమ్మా, ఆ మెసేజులు పెడుతున్నది నేను.”