గట్టు మీద అరుపులు

“మళ్లా గదే మాట! కన్నకొడుకు గోల్‌ల నిలవడ్తుంటే ఇంట్ల కూసుంటనంటవేంది?” గరిటెను టక్కున పొయ్యి గట్టు మీద పెట్టింది యేసమ్మ.

“అండ్ల సూసేదేముందే?” అన్నాడు ఆశీర్వాదం. అరుణ చక్కెర లేని చాయ్ తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. “మా కాలంల కోట కప్పంటే బజార్ల దుకాండ్లు బందయ్యేటియి. గట్టు మీద జాగ దొర్కక లారీలెక్కి సూసేటోళ్లు. ఇప్పుడు? అందరు టీవీ ముంగట క్రికెట్ పెట్టుకొని కూసున్నరు. అరిచెటోళ్లు లేని ఆట గూడ ఆటేనా?”

“అరిచెటోళ్లు లేకుంటే నువ్వే అరువు. ఎవరొద్దన్నరు?”

అరుణ నవ్వింది. నగేష్ నవ్వలేదు. మూలన కూర్చుని గ్లౌజుల చిరుగు కుట్టుకుంటున్నాడు. ఓడితే ఇంటికే అన్న ఫుట్‌బాల్ కప్పు అది. కోటగల్లీ జట్టు ఏటా మొదటి ఆటతోనే ఇంటికొచ్చేది. అలాంటిది ఈసారి సెమీఫైనల్‌కు చేరింది. పెనాల్టీలు ఆపి చేర్చింది నగేషే. అందులో ఒక్క ఆటకూ తండ్రి రాలేదు.

“నాయినా, ఇయ్యాల తూప్రానోళ్లతోటి. ఒక్కసారి రారాదు?”

“ఆ బంతి ఎంబడి ఎన్నొద్దులు వడ్తవ్‌రా? జీపు తోలుడు నేర్సుకోమని ఎన్నిసార్లు చెప్పిన? రేపు ఇల్లు నడిపేది జీపు, బంతి కాదు.”

“నువ్వు తోలుతనే ఉన్నవ్ గదా!”

“నేనెన్నొద్దులు తోలుత?”

“నీకేమైంది? గుండు లెక్క ఉన్నవ్,” అంది యేసమ్మ. “మొన్న తెలంగాణ మీటింగ్‌కు జీపు నిండ జనాన్నెక్కించుకొని పోయి రాలే?”

ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది జీపు మీదే. పొద్దున బడి పిల్లలు, ఆ తర్వాత తూప్రాన్ ప్యాసింజర్లు. పొద్దుగూకాక గిరాకీ ఉండదని ఈ మధ్య ఆశీర్వాదం తొందరగా ఇల్లు చేరుతున్నాడు. పోయిన వారం జీపు గేటుకు గీరుకుని సొట్ట పడితే, గేటు ఇరుకుగా కట్టాడని మేస్త్రీని ఏడు తరాల దాకా తిట్టాడు.

ఇంతలో వాకిట్లో నుంచి కేక వినిపించింది. కోటగల్లీ జట్టు పాత కెప్టెన్ నర్సింహ.

“అన్నా, లెవ్వు! నువ్వు రాకుంటే మన దిక్కు నేనొక్కణ్ణే అరవాలె. గొంతు పోతది.”

చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంటే ఇక తప్పలేదు.

మైదానం గట్టు మీద నిజంగానే జనం పలచగా ఉన్నారు. కోటగల్లీ వైపు పట్టుమని పదిహేను మంది లేరు. అవతలి మూలన మాత్రం తూప్రాన్ నుంచి లారీలో వచ్చిన పోరగాళ్లు డప్పులు కొడుతున్నారు. సగం ఆట దాకా గోల్ పడలేదు. నర్సింహ పక్కన కూర్చున్నంతసేపూ ఆశీర్వాదం, “ఏమాయె? ఏమాయె?” అని అడుగుతూనే ఉన్నాడు.

“ఆట సూడన్నా, నన్నెందుకు సతాయిస్తవ్?” అని విసుక్కున్నాడు నర్సింహ.

విరామంలో ఆశీర్వాదం ఒంటికి పోయి వస్తానని లేచాడు. తిరిగొచ్చి తూప్రాన్ డప్పుల పక్కన కూర్చున్నాడు.

“గాడ కూసున్నడేంది మీ నాయిన?” అంది యేసమ్మ.

“నీ లొల్లి తప్పించుకోనీకి,” అంది అరుణ.

ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా తూప్రాన్ వాళ్లు మూల నుంచి కొట్టిన బంతి నగేష్ చేతుల్లోంచి జారి వలలో పడింది. డప్పులు మోగాయి. పోరగాళ్లు ఎగిరారు. వాళ్ల నడుమ ఒక మనిషి తువ్వాల గాల్లోకి విసిరి గొంతు చించుకున్నాడు.

“గోల్! గోల్! శాబాష్!”

ఆశీర్వాదం!

కోటగల్లీ వాళ్లంతా అటు తిరిగి చూశారు. నగేష్ బంతి తీయలేదు. గట్టు మీద డప్పుకు అడుగులేస్తున్న తండ్రిని చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

ఆ ఒక్క గోల్‌తోనే కోటగల్లీ ఓడింది.

నర్సింహ ఇంటిదాకా వచ్చాడు కానీ గడప దాటలేదు. “ఆటన్నంక ఓడుతం అన్నా. నువ్వు ఎగిరింది మాత్రం మర్సిపోను,” అని వెనక్కి తిరిగాడు.

నగేష్ గ్లౌజులు చాప మీదికి విసిరేశాడు.

“నేను ఆట బంద్ జెయ్యాలె, జీపు వట్టాలె. నీకు గావల్సింది గదే గదా నాయినా? గందుకే నేనోడితే ఎగిరినవ్!”

“తూప్రానోళ్లు నీ గిరాకీ గాళ్లని మురిసినవా?” అని నిలదీసింది అరుణ.

“కొడుకు ఓడితే సంబురపడ్డ తండ్రిని నిన్నే సూసిన,” అంది యేసమ్మ. “నలుగుట్ల తలెత్తుకోకుంట జేస్తివి.”

ఆశీర్వాదం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాప మీద తడిమి గ్లౌజులను దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత జేబులోంచి జీపు తాళం చెవి తీసి, ముగ్గురి నడుమా చాప మీద పెట్టాడు.

“రేపటి సంది జీపు నేను తోల,” అన్నాడు మెల్లగా. “నగేష్ నేర్సుకునేదాక గది ఇంటి ముంగట్నే ఉంటది.”

“చేసిందంత చేసి మల్ల మా మీద అలుగుతున్నవా?” యేసమ్మ గొంతు పెంచింది. “ఆటకూ జీపుకూ ఏం సంబంధం? పొద్దుగాల గూడ బండి నిండ బడి పిల్లల్నెక్కించుకొని పోయొస్తివి గదా!”

ఆశీర్వాదం తల వంచుకున్నాడు.

“డప్పులు మోగితే మనోళ్లే గోల్ కొట్టిన్రనుకున్న. నాకు బంతి కనవడక రెండేండ్లయితంది.”