పసుపు క్లిప్పు

"క్లిప్పు తీసుకోకుండా రిమోట్ వేసిందెవర్రా?"

బోల్టన్ ఊరి బడి హాల్లో ఆదివారం రిమోట్ కార్ల పందేల మధ్య, గోడకు గుద్దుకుని వెల్లకిలా పడ్డ తన బుల్లి రేసు కారును చూసి డెరెక్ కేకేశాడు.

ఐరిస్ చేతిలోని రిమోట్‌ను గబుక్కున ఆపేసింది. ఇల్లు సర్దీ సర్దీ విసిగిపోయి, చనిపోయిన భర్త క్లైవ్ బుల్లి కారును ఎవరికైనా ఇచ్చేద్దామని వచ్చిందామె. పనిచేస్తుందో లేదోనని మీట నొక్కింది, అంతే.

"నేనేనండీ. నాకేం తెలుసు? ఆదివారాలు ఆయన ఇంట్లో ఉంటేగా చెప్పడానికి!"

డెరెక్ కారు తెచ్చుకుని ఆమె పక్కన కూలబడ్డాడు. గోడమీది బోర్డుకు రంగురంగుల బట్టల క్లిప్పులు వేలాడుతున్నాయి.

"ఒక్కో రంగు ఒక్కో రేడియో తరంగం. ఆ క్లిప్పు ఉన్నవాళ్లే రిమోట్ వేయాలి, రంగుకి ఒక్కరేనమ్మా. ఇద్దరు వేస్తే ఒకరి కారు ఇంకొకరి మాట వింటుంది. నాదీ క్లైవ్‌దీ పసుపే. వాడు తోలితే నేను కూర్చునేవాణ్ణి, నేను తోలితే వాడు."

"ఇన్నేళ్లూనా? రంగు మార్చుకోలేకపోయారా?"

"మార్చుకోవచ్చు. ఆ మాట ఇద్దరం ఎన్నడూ ఎత్తలేదు." డెరెక్ ఊడిన చక్రాన్ని వేళ్లతో తిప్పాడు. "ఇందాక కారు చెయ్యి దాటిపోగానే, 'ఒరేయ్ క్లైవూ, మళ్లీ మర్చిపోయావట్రా' అని తిట్టబోయాను."

క్లైవ్ వదిలివెళ్లిన ఖాళీ కుర్చీ తన ఇంట్లో మాత్రమే ఉందనుకుంది ఐరిస్ ఇన్నాళ్లూ.

డెరెక్ తన చొక్కాకున్న పసుపు క్లిప్పు తీసి ఆమె కోటుకు పెట్టాడు.

"నాకు తోలడం రాదండీ."

"వాడికి మాత్రం వచ్చేడ్చిందా? కానీయమ్మా. కూర్చునే వంతు నాది."