విక్టోరియా కాలపు బొట్టు

"బొట్టు తీసేది లేదంటే లేదు!" అంటూ అనసూయమ్మ రెండు చేతులతోనూ నుదురు మూసుకుంది.

తడి దూది పట్టుకున్న హేమలత చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నాటకం మొదలవడానికి గంట కూడా లేదు.

బెళ్ళందూరు బ్యూటీ పార్లర్‌లో ఎనిమిదేళ్ళుగా పెళ్ళికూతుళ్ళను తెల్లగా చేసి చేసి హేమలతకు విసుగొచ్చింది. మనిషిని కథలో ఉన్నట్టు తయారుచేసే పని దొరకడం ఇదే మొదటిసారి. నూట యాభై ఏళ్ళ నాటి ఇంగ్లండు కథను తెలుగు నాటకం చేశారు. ఆమె పాత ఫొటోలు ముందేసుకుని నెల రోజులు కుస్తీ పట్టింది. ఆ కాలంలో పరువుగల దొరసానులు బుగ్గలకు రంగు పూసుకునేవారు కాదట. కాబట్టి మేకప్ వేసినట్టు తెలియకుండా మేకప్ వెయ్యాలి. నడిపాపిడి తీసి, జుట్టు చెవుల మీదుగా అణిచి దువ్వి, వెనక ముడి చుట్టాలి. అందరికీ అంతా కుదిరింది. మొగుడు పోయిన జమీందారిణి వేషం దగ్గరే బండి ఆగింది. ఆ వేషం అనసూయమ్మది. ఆవిడ బడిలో లెక్కల టీచరు, యాభై దాటిన మనిషి.

"రిహార్సల్స్‌లో ఏమీ అనలేదు కదా ఆంటీ!" అంది హేమలత ఏడుపు గొంతుతో.

"అప్పుడు బొట్టుతోనే చేస్తిని కదమ్మా. మొగుడుండే దాన్ని, నుదురు బోడి చేసుకోని నలుగురి ముందర ఎట్ల నిలబడేది? నల్లపూసలు తీయను, మెట్టెలు తీయను, బొట్టు అసలే తీయను. ఆయనకేమన్నా అయితే నువ్వొచ్చి కాపాడతావా?"

"ఇది వేషమే కదా!"

"వేషమైతే ఏమి? ఆయన ప్రాణం నాకు ముఖ్యం."

దర్శకుడు అమరనాథ్ తలుపులోంచి తొంగిచూశాడు. నుదుటి మీద కుంకుమ చూడగానే ఆయన మొహం మాడిపోయింది.

"హేమా, వాటీజ్ దిస్? విక్టోరియా కాలపు విడోకి బొట్టా? ఫస్ట్ రోలో ఇంగ్లీష్ ప్రొఫెసర్లు కూర్చుని ఉన్నారు, నా పరువు పోతుంది! నీ వల్ల కాకపోతే చెప్పెయ్. నెక్స్ట్ ప్లేకి ముంబయి నుంచి డిజైనర్‌ని తెప్పించుకుంటా."

ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. హేమలత దూది బల్ల మీద పడేసింది. ఈ ఒక్క అవకాశం జారిపోతే మళ్ళీ ఆ పెళ్ళికూతుళ్ళూ ఆ తెల్ల క్రీములే గతి.

అంతలో అనసూయమ్మ ఇంటి ఓనరు మునినారాయణప్ప మల్లెపూల పొట్లంతో లోపలికొచ్చాడు. సంగతి విని హేమలత వైపు కోపంగా చూశాడు.

"తప్పు తల్లీ! నేను సంసారులకు తప్ప ఇల్లియ్యను. ఈయమ్మ మా పై మాళిగలో చేరి పన్నెండేండ్లాయె. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా మొగుడూ పెండ్లాల గలాటానే. వీళ్ళింట్లో మాత్రం ఒక్క దినం అరుపు వినలేదు. ఆయప్పకు ఓడల్లో పని. వచ్చేదీ తెలీదు, పొయ్యేదీ తెలీదు, అంత నెమ్మది మనిషి. ఆయప్ప మాదిరి ఉండమని మా ఇంటామె దినమూ నా ప్రాణం తీస్తాది!"

అనసూయమ్మ సిగ్గుపడుతూ తల వంచుకుంది. ఓనరు పూలు బల్ల మీద పెట్టి, ముందు వరసలో పెళ్ళాం పక్కన కూర్చోడానికి వెళ్ళాడు.

హేమలత గత్యంతరం లేక ఫొటోలు మళ్ళీ తిరగేసింది. ఒక చోట ఆమె చూపు ఆగింది. ఆ కాలపు వితంతువులు నెత్తిన తెల్లటి టోపీ పెట్టుకునేవారు. కొన్నిటికి ముందు అంచు నుదుటి మీదికి కొసలా దిగుతుంది. తను కుట్టిన టోపీకి ఆ కొస లేదు. వెంటనే సూదీ దారం తీసింది. పావుగంటలో కొస కనుబొమల మధ్యకు దిగింది. దాని కింద బొట్టు భద్రంగా దాక్కుంది. నల్లపూసలు గొంతుదాకా ఉన్న కాలరులోకి, మెట్టెలు బూట్లలోకి వెళ్ళిపోయాయి.

"అంటే నేను తీసినట్టు కాదు కదా?" అనుమానంగా అడిగింది అనసూయమ్మ.

"కాదు ఆంటీ. మీ ఆయన నూరేళ్ళు బతుకుతాడు," అంది హేమలత, కళ్ళ కింద బూడిద రంగు అద్దుతూ.

నాటకం అదిరిపోయింది. మొగుడి సమాధి ముందు అనసూయమ్మ ఏడుస్తుంటే హాలంతా ముక్కులు చీదింది. తెర పడగానే అమరనాథ్ పరుగున వచ్చాడు.

"హేమా, ఆ టోపీ! ప్రొఫెసర్లు ఫ్లాట్! నెక్స్ట్ ప్లే కూడా నీదే!"

హేమలత ఆనందానికి పట్టపగ్గాలు లేవు. అదే ఊపులో అనసూయమ్మ టోపీ తీసి, దూది నిండా క్రీము అద్ది మొహమంతా ఒక్క తుడుపు తుడిచింది. దూది ఎర్రగా మారింది. అనసూయమ్మ నుదురు అద్దంలో బోసిగా కనిపించింది.

 హేమలత దూది పట్టుకునే అక్కడ చతికిలబడింది.

"అయ్యో ఆంటీ, ఎంత పాపం చేశాను! ఆయన నడిసముద్రంలో ఎట్లున్నాడో ఏమో... ముందు ఫోన్ చెయ్యండి ఆంటీ, మీ కాళ్ళు పట్టుకుంటా!" అంటూ వెక్కివెక్కి ఏడ్చేసింది.

అనసూయమ్మ ఎర్రబడిన దూది వైపు, ఏడుస్తున్న పిల్ల వైపు చూసింది. లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చింది.

"గట్టిగా ఏడవద్దు, బయట మా ఓనరు ఉండాడు," అంటూ హేమలత చెవి దగ్గరికి వంగింది.

"నాకింకా పెండ్లే కాలేదు."