వెడల్పు మెడ గిటార్

యేసుబాబు వేళ్లు లావు. ఒక తీగను నొక్కితే వేలు తగిలి పక్క తీగ మూగబోయేది. ఈ ఆదివారం కూడా ఆరాధనలో పాట చెడితే ఇక గిటార్ ముట్టవద్దని జమ్మలమడుగు సంఘపెద్ద తేల్చి చెప్పాడు. అందుకే, తీగలు నొక్కే మెడ భాగం వెడల్పుగా ఉన్న పాత ఎలక్ట్రిక్ గిటార్ అమ్మకానికి ఉందని తెలియగానే, చీకటి పడినా లెక్కచేయక ప్రొద్దుటూరులోని ఎలిజబెత్ ఇంటికి వచ్చాడు. ఆమె భర్త పోయి ఏడాదయింది.

“మెడ శానా వెడల్పుండాదే పెద్దమ్మా! దీని మీద అన్నం పెట్టుకోని తినొచ్చు.”

“మా ఆయన చెప్పి చేయించుకున్యాడు. ఎగతాళి చాలుగానీ వాయించు నాయనా,” అంటూ ఆమె కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్లింది.

అతడు గిటార్‌ను స్పీకరు పెట్టెకు తగిలించి, తీగలు నొక్కి మీటాడు. జీవితంలో మొదటిసారి స్వరాలన్నీ విడివిడిగా, నిండుగా పలికాయి. ఆనందం పట్టలేక, ఎడమ చేయి తీసి చెమట తుడుచుకున్నాడు.

చేయి తీసినా తీగలు మెడ చెక్కకు అణిగే ఉన్నాయి. అతడు చూస్తుండగానే ఒకటి లేచింది. దాని పక్కది అణిగింది.

అతడు కుడి చేతిని కూడా తీగల మీదనుంచి మెల్లగా వెనక్కి తీయబోయాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“చెయ్యి తీయాకు నాయనా,” అంది ఎలిజబెత్ లోపలినుంచే, మెల్లగా. “సగంలో ఆపితే ఆయనకు పడదు.”