పుట్టిన తారీఖు గడి

జనవరి ఒకటో తారీఖు, పొద్దుగాల్నే ఫోన్ల కేకు బొమ్మ వచ్చింది.

‘పూలమ్మగారికి డెబ్బై ఆరో పుట్టినరోజు శుభాకాంక్షలు.’

పంపింది మా కొత్తవాడ జంపఖానాల సంఘం. సంఘమోళ్ల పేర్లన్నీ కంప్యూటర్ల ఎక్కించింది నా మనుమరాలు హారిక. ఎవరి తారీఖు వస్తే వాళ్లకు దానంతట అదే మెసేజ్ పోతదట.

కేకు దిక్కు చూస్తనే ఉన్న, ఫోన్ మోగింది. మా చెల్లె యాకమ్మ.

“ఏమే పూలీ! నాకు డెబ్బై ఎనిమిదట. ఇగ నువ్వే నన్ను అక్కా అనాలె.”

ఒకటే నవ్వుడు.

డెబ్బై ఏండ్ల సంది అక్కా అన్న నోరది.

ఆధార్ కార్డు దిగిన దినం నేను తలకు రంగేసుకొని పోయిన. అది తెల్లతలతోనే వచ్చి కూసున్నది. రాసేటాయన మా మొఖాలు చూసి ఏండ్లు వేసిండు. తారీఖు ఇద్దరికీ జనవరి ఒకటే.

హారికను పిలిచిన.

“సరిగ్గ రాయి పిల్లా.”

“సరైన తారీఖు చెప్పు నాయినమ్మా, రాస్త.”

చెప్పిన. యాకమ్మ పుట్టింది మేడారం జాతరప్పుడు. జాతర అయిపోయి అమ్మవార్లు మళ్ల వనానికి పోయిన తెల్లారి. వద్దంటే ఇనకుంట మా అమ్మ నిండు కడుపుతోని ఎడ్లబండి ఎక్కింది. మర్లొచ్చే తొవ్వల నొప్పులచ్చినయి. బండి చాటుకే కన్నది. నేను చక్రం పట్టుకొని నిలబడ్డ, చేతుల బెల్లం ముక్క. జాతరల పుట్టినా పేరు యాకమ్మనే, అన్నారం దర్గ బాబా పేరు పెడ్తమని మొక్కు అంతకు ముందే ఉండె.

“ఏ సంవత్సరం?”

“జాతర సంవత్సరం.”

“అది రెండేండ్లకోపారి వస్తది నాయినమ్మా!”

అది నెత్తి కొట్టుకున్నది. నేనూ కొట్టుకున్న.

అది తారీఖు గడి అట. దినం, నెల, సంవత్సరం, మూడూ పెడితేనే తీసుకుంటదట. బెల్లం ముక్క తీసుకోదట.

“మరి గడి మార్చు.”

“మాటల గడి చేయొచ్చు. నువ్వేం చెప్పినా పడ్తది. కని ఎవరు పెద్ద, ఎవరు చిన్న, కంప్యూటర్‌కు తెల్వది.”

“దానికెందుకే? నాకు తెల్సు కదా.”

“జనవరి ఒకటోళ్లు తొంభై మంది ఉన్నరు. అందరి సంగతి నిన్నే అడగాల్నా?”

“అడుగు. చాయ్ పెట్టుకొని కూసుంట.”

అది కంప్యూటర్ దిక్కు తిరిగింది. టకటక కొట్టుకుంట కూసున్నది.

ఆఖరుకు తెల్సినోళ్లకు తారీఖు గడి అట్లనే ఉంచింది. తెల్వనోళ్లకు అది ఖాళీ పెట్టి, పక్కన మాటలు రాసే గడి ఇంకోటి చేసింది. ఉత్తుత్తి జనవరి ఒకట్లన్నీ తీసేసింది.

యాకమ్మ పేరు పక్కన నేను చెప్పింది చెప్పినట్టు రాసింది. చక్రం గూడ.

ఫోన్ చేసి చదివి వినిపించిన.

“గీ కథకు సాక్షి ఎవరే?” యాకమ్మ గయ్యిమన్నది.

“నేనే. నేను చూసిన.”



“నన్ను చూసి అమ్మ ఏమన్నదే?” మెల్లగ అడిగింది.

“అక్కా, ఇటు రా, చెల్లెను చూడు అన్నది.”

ఫోన్ పెట్టేసింది. బాయ్ గూడ అనలే.

“ఇగ నీది చెప్పు నాయినమ్మా,” అన్నది హారిక, వేళ్లు బటన్ల మీద పెట్టుకొని. “నువ్వెప్పుడు పుట్టినవ్?”

ఊరందరి పురుళ్లు నా నోట్లనే ఉంటయి. నాది మా అమ్మను ఎన్నడూ అడగలే.

అమ్మ లేదు. నాయిన లేడు. బండి తోలిన గట్టయ్య పెదనాయిన గూడ పోయిండు.

హారిక చూస్తాంది.

“యాకమ్మకన్న ముందు అని రాయి బిడ్డా.”